'బ్లూ పోల్స్': పొలాక్ చిత్రం ఆస్ట్రేలియాకు ఎలా చేరింది?

[దృశ్యం: గోడను దాదాపు నింపేసిన పొడవాటి చిత్రం. కెమెరా ఎడమ నుంచి కుడికి మెల్లగా కదులుతుంది.]

వ్యాఖ్యాత: ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీలో ఉన్న ఈ చిత్రం పేరు 'బ్లూ పోల్స్', అంటే నీలి స్తంభాలు. దీన్ని వేసినవారు అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్. సుమారు 2.1 మీటర్ల ఎత్తు, 4.9 మీటర్ల పొడవు ఉన్న ఈ కాన్వాస్‌ను 1973లో ఆస్ట్రేలియా ప్రభుత్వం 13 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొన్నప్పుడు, తాగిన మైకంలో రంగులు ఒలకబోసిన గుడ్డకు ప్రజాధనం ధారపోశారని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ నింద ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ముందు చిత్రాన్నే దగ్గరగా చూడాలి.

[దృశ్యం: చిత్రం ఉపరితలం, అతి సమీపం నుంచి.]

వ్యాఖ్యాత: న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో, స్ప్రింగ్స్ అనే ఊళ్లో, పాత కొట్టాన్నే చిత్రశాలగా మార్చుకుని పొలాక్ 1952లో దీన్ని పూర్తి చేశారు. వాడినవి ఎనామెల్ రంగులు, వెండిలా మెరిసే అల్యూమినియం పెయింటు. నారింజ, పసుపు, తెలుపు, నలుపు తీగలు ఒకదాన్నొకటి పెనవేసుకున్న చోట గాజు పెంకులు రంగులో కూరుకుపోయి కనిపిస్తాయి. పాదముద్రలు కూడా ఉన్నాయి. కొన్ని ధారలు కాన్వాస్‌పై నిలువుగా కిందికి జారాయి కనుక, పొలాక్ దీన్ని నేల మీద పరిచి మాత్రమే కాక, నిలబెట్టి కూడా పని చేశారని అర్థమవుతుంది.

ఇక ఆ నీలి స్తంభాలు ఎనిమిది. పొడవాటి చెక్కబద్ద అంచుకు రంగు పూసి, దాన్ని కాన్వాస్‌కు అద్దుతూ వాటిని వేశారు. అవి ఏటవాలుగా, ఒక్కోటి ఒక్కో కోణంలో ఒరిగి ఉంటాయి. వాటిని మనసులోనే తీసేసి చూడండి: మిగిలిన రంగుల అల్లిక అంచులు దాటి చెదిరిపోతున్నట్టు అనిపిస్తుంది. దాన్నంతా పట్టి నిలిపేవి ఆ స్తంభాలే. ఎంతో పని జరిగిన తరువాత, ఇంకేం కావాలో చూసి తీసుకున్న నిర్ణయమది. మైకంలో ఒక రాత్రి జరిగిపోయే పని కాదని నా గట్టి నమ్మకం.

[దృశ్యం: 1950ల నాటి న్యూయార్క్ వీధులు.]

వ్యాఖ్యాత: మొదట దీని పేరు 'నంబర్ 11, 1952' మాత్రమే. 'బ్లూ పోల్స్' అన్న పేరు 1954లో స్థిరపడింది. 1956 ఆగస్టులో కారు ప్రమాదంలో పొలాక్ మరణించే నాటికి ఆయన వయసు 44. ఆ తరువాత ఈ చిత్రం న్యూయార్క్ కళాసేకర్త బెన్ హెల్లర్ ఇంటికి చేరింది.

అమ్మకం వార్త బయటికి వచ్చిన 1973లోనే ఒక అమెరికన్ పత్రిక మరో కథనాన్ని ప్రచురించింది. ఈ కాన్వాస్‌పై తొలి రంగులు పొలాక్‌తో పాటు ఆయన మిత్రులు టోనీ స్మిత్, బార్నెట్ న్యూమన్ కూడా వేశారన్నది దాని సారాంశం. పొలాక్ భార్య, స్వయంగా గొప్ప చిత్రకారిణి అయిన లీ క్రాస్నర్, ఇది పూర్తిగా పొలాక్ చిత్రమేనని తేల్చి చెప్పారు. మిత్రుల చెయ్యి పడిందనుకున్నా అది అట్టడుగు పొరకే పరిమితం. ఇప్పుడు మన కంటికి కనిపించే కూర్పు పొలాక్‌దే.

[దృశ్యం: ఆనాటి ఆస్ట్రేలియా పత్రికల శీర్షికలు.]

వ్యాఖ్యాత: కొనుగోలుకు పూనుకున్నది గ్యాలరీ సారథి జేమ్స్ మోలిసన్. పది లక్షల డాలర్లు మించిన కొనుగోలును ఆమోదించే అధికారం ఆయనకు లేకపోవడంతో ఫైలు ప్రధాని గాఫ్ విట్లమ్ ముందుకు వెళ్లింది. విట్లమ్ కొనమనడమే కాక, ధర కూడా వెల్లడించమన్నారు. దాచి ఉంటే ఇంత రభస జరిగేది కాదేమో. కానీ ప్రజల సొమ్ముతో కొన్నదాని ధర ప్రజలకు చెప్పడమే న్యాయం. అప్పటికి సమకాలీన అమెరికన్ చిత్రానికి పలికిన అత్యధిక ధర అదే. విమర్శలు వెల్లువెత్తుతున్నా ప్రధాని వెనక్కి తగ్గక, అదే చిత్రాన్ని తన క్రిస్మస్ కార్డుపై ముద్రించుకున్నారు. గ్యాలరీకి అప్పటికి సొంత భవనమే లేదు. అది 1982లో ప్రారంభమైంది.

2016లో ఈ చిత్రం ప్రదర్శన కోసం లండన్‌లోని రాయల్ అకాడమీకి వెళ్లింది. అదే ఏడాది, దీన్ని అమ్మి జాతీయ రుణం కొంత తీర్చాలని ఒక ఆస్ట్రేలియన్ సెనేటర్ సూచించగా, అప్పటికి దీని విలువ 35 కోట్ల డాలర్లని అంచనా వేశారు. చిత్రాన్ని అమ్మలేదు, అది కాన్‌బెర్రా గ్యాలరీ సేకరణలోనే ఉంది.