ఓనరుకి లాభం మిగలని అద్దె: వియన్నా లెక్క

[తెర మీద: మారతహళ్లి, మున్నెకొళాల సందుల్లో టు-లెట్ బోర్డులు]

నమస్తే. బెంగళూరులో ఇల్లు వెతికిన తెలుగువాళ్ళకి అడ్వాన్సు గురించి నేను చెప్పక్కర్లేదు. ఐదారు నెలల అద్దె, కొన్నిచోట్ల పది నెలలది, ముందే చేతిలో పెట్టాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెలది పట్టుకుంటారు. అగ్రిమెంటు తిరగరాసినప్పుడల్లా పెంపు సరేసరి.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో లెక్క వేరు. ఊళ్ళో దాదాపు సగం మంది కార్పొరేషన్ ఇళ్లలోనో, లాభం కోసం పనిచేయని హౌసింగ్ సంస్థల ఇళ్లలోనో ఉంటారు. కార్పొరేషన్‌వే సుమారు 2,20,000 ఇళ్లు. ఫ్రీ కాదు, అందరూ అద్దె కడతారు. కాకపోతే ఈ సంస్థలు అద్దెలో ఏం కలపొచ్చో 1979 నాటి చట్టం చెబుతుంది: అప్పు వాయిదా, స్థలం ఖర్చు, రిపేర్ల నిధి, నిర్వహణ. పెట్టుబడి పెట్టినవాళ్ళు తీసుకునే రాబడికీ పరిమితి ఉంది. మిగిలింది మళ్ళీ ఇళ్ల మీదే పెట్టాలి.

[తెర మీద: రెండు ఈఎంఐల లెక్క]

అసలు కిటుకు వడ్డీలో ఉంది. మన అంకెల్లో ఒక ఉదాహరణ వేద్దాం. ఒక ఫ్లాటుకి మొత్తం 50 లక్షలు అయిందనుకోండి. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను తీసుకుంటే నెలకి దాదాపు 45,000 కట్టాలి. అదే 50 లక్షలు 2 శాతానికి 35 ఏళ్లు ఇస్తే? సుమారు 16,500. ఇటుక మారలేదు, సిమెంటు మారలేదు! అందుకే అక్కడ కట్టుబడి ఖర్చులో ఒక భాగాన్ని ప్రభుత్వం తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి అప్పుగా ఇస్తుంది. మిగతాది బ్యాంకు, సంస్థ సొంత డబ్బు.

ప్రభుత్వానికి ఎక్కడిది అంటారా? మన పీఎఫ్ కోతలాగే జీతాల మీద 1 శాతం వసూలు చేస్తారు, సగం ఉద్యోగి, సగం కంపెనీ. దాన్ని ఇళ్లకే వాడాలన్న నిబంధన తర్వాత ఎత్తేశారు, అది నాకు నచ్చలేదు. పాత అప్పులు తిరిగొచ్చిన డబ్బు కూడా కొత్త ఇళ్లకి పనికొస్తుంది.

లాభం కోసం పనిచేయని ఆ హౌసింగ్ సంస్థల ఇళ్లలో అడ్వాన్సులాంటిది అక్కడా ఉంది. చేరేటప్పుడు స్థలం, కట్టుబడి ఖర్చుల్లో కొంత వాటా కట్టాలి. వెళ్ళిపోయేటప్పుడు ఏడాదికి 1 శాతం చొప్పున తగ్గించి మిగతాది తిరిగిస్తారు.

అప్పు తీరిపోయాక ఏమవుతుంది? మన ఓనరైతే ఆ రోజు నుంచి వచ్చే అద్దెంతా జేబులోకే. అక్కడ అద్దె తగ్గుతుంది, సున్నా అవదు. చట్టం చెప్పిన కనీస అద్దె వస్తూనే ఉంటుంది, అది మరమ్మతులకీ, తర్వాతి బిల్డింగుకీ పోతుంది. పాత ఇళ్లు కొత్త ఇళ్లని కట్టిస్తాయన్నమాట.

మన దగ్గర సాయం సొంతింటి కోసం. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇంటి లోను మీద 2,67,000 రూపాయల దాకా వడ్డీ సబ్సిడీ ఇచ్చారు. సొంతిల్లు మనకి ఎంత ముఖ్యమో తెలుసు, తప్పు పట్టను. కానీ సబ్సిడీ అందుకున్న కుటుంబం ఆ ఇంటిని మార్కెట్ రేటుకి అమ్ముకున్నాక కొనేవాడికి ఆ సబ్సిడీ మిగలదు.

ఇక స్థలం. వియన్నా 1984లోనే ఒక భూమి నిధి పెట్టి, ధర పెరగకముందే స్థలాలు కొనిపెట్టుకుంది. బెంగళూరులో మెట్రో లైను వాసన పట్టి ముందే కొనేది రియల్ ఎస్టేట్ వాళ్ళు. వడ్డీ సంగతి ఎలాగో చూసుకోవచ్చు, మనకి తేలనిది ఇదే అని నా అనుమానం.

అక్కడా లోపాలున్నాయి. ఆ ముందు వాటా పేదలకి బరువే. కార్పొరేషన్ ఇంటికి అప్లై చేయాలంటే కనీసం రెండేళ్లు వియన్నాలో ఉండి ఉండాలి. అనంతపురం నుంచి నిన్న బస్సు దిగిన మేస్త్రీ లాంటివాడికి అక్కడైనా ముందు దొరికేది ప్రైవేటు ఓనరు గదే.