యూరిక్ యాసిడ్: తప్పంతా నోటిదేనా?

శ్రోతలకు నమస్కారం.

అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పని అవుతుంది. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ అనే వ్యర్థపదార్థం ఎక్కువని తేలుతుంది. ఇంట్లోవాళ్లు వెంటనే అనే మాట: "నోరు కట్టుకోమంటే విన్నావా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. మాంసం, బీరు దీన్ని పెంచుతాయి. కానీ ఒకే వంట తినే అన్నదమ్ముల్లో ఒకరికి 5, ఇంకొకరికి 9 ఎందుకుంటుంది? 2018లో అమెరికాలోని యూరోపియన్ మూలాలవారి మీద చేసిన ఒక విశ్లేషణలో, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఈ తేడాలో ఏ ఒక్క ఆహారం వాటా చూసినా 1 శాతం దాటలేదు. జన్యువుల వాటా మాత్రం దాదాపు 24 శాతం.

అసలు ఈ చిక్కు మనిషి పుట్టకముందే మొదలైంది. చాలా జంతువుల్లో యూరికేజ్ అనే ఎంజైమ్ యూరిక్ యాసిడ్‌ను సులువుగా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. మనలో ఆ జన్యువు ఉంది గానీ పనిచేయదు. కోటి ఏళ్లకు పైగా కిందటే మన పూర్వీకుల్లో పాడైపోయింది.

ఇక మిగిలిన దారి మూత్రం, మలం. తమాషా ఏమిటంటే, వడపోసిన యూరిక్ యాసిడ్‌లో సుమారు 90 శాతాన్ని కిడ్నీలే మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి! ఈ పని చేసేవాటిలో ముఖ్యమైనవి రెండు ప్రోటీన్లు: 2002లో గుర్తించిన యూరాట్1, దానికి తోడు గ్లట్9. ఇవి ఎంత గట్టిగా లాగుతాయన్నది తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులను బట్టి ఉంటుంది. ఏబీసీజీ2 అనేది యూరిక్ యాసిడ్‌ను అటు పేగుల్లోకి నెట్టే ప్రోటీన్. అది మందగిస్తే సరుకంతా రక్తంలోనే పేరుకుంటుంది.

యూరాట్1 పూర్తిగా చెడిపోయినవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా జపాన్‌లో. వాళ్ల రక్తంలో యూరిక్ యాసిడ్ దాదాపు ఉండదు. అదృష్టవంతులు అనుకునేరు! తీవ్రమైన వ్యాయామం తర్వాత వాళ్లలో కొందరికి కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతింటాయి.

రిపోర్టులో అంకె ఎక్కువున్న ప్రతివాళ్లకూ గౌట్, అంటే మొదట చెప్పిన ఆ బొటనవేలి వాపు లాంటి కీళ్ల జబ్బు, రాదు; మందూ అక్కర్లేదు. యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అలోప్యూరినాల్ మాత్ర మొదలుపెడితే మాత్రం ఇంకో జన్యువు గురించి తెలియాలి. హెచ్‌ఎల్‌ఏ-బి 5801 రకం ఉన్నవాళ్లలో ఈ మాత్ర వల్ల ప్రాణాంతకమైన చర్మ సమస్య వచ్చే ప్రమాదం ఎక్కువ. హాన్ చైనీయుల్లో, థాయ్, కొరియా వాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ముందే పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లో ఒంటిమీద దద్దుర్లు వస్తే, ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.