సీల్ మార్చినా డిఫరెన్షియల్ లీక్ ఎందుకు ఆగలేదు?

నమస్కారమండీ. ముందు ఈ అట్టముక్క చూడండి. రెండు నెలల కిందట ఓ రాత్రి నా కారు వెనక డిఫరెన్షియల్, అంటే ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, దాని కింద పరిచాను, తెల్లారేసరికి ఇంత మరక. వేలికి రాసుకుని వాసన చూశాను, కుళ్లిన గుడ్డు కంపు. అంటే గేర్ ఆయిలే. అందులో గంధకం కలిసిన మందులుంటాయి. బట్టలకి అంటిందా, రెండు ఉతుకులకి కూడా వదలదు.

20 ఏళ్లు దాటిన కారిది. లీక్ ఆపడానికి మూడు పనులు చేశాను.

మొదట లీక్ ఆపే మందు సీసా. బిగిసిపోయిన రబ్బరు సీల్‌ని కాస్త ఉబ్బిస్తుంది. కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ మామూలే. నా మార్కు సున్నా.

తర్వాత పినియన్ సీల్, అంటే డిఫరెన్షియల్‌లోకి వెళ్లే గేరు షాఫ్ట్ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు రింగు. ఆయిల్ కిందికి జారుతుంది, కారు పోతుంటే గాలికి వెనక్కీ పాకుతుంది. మరక కనపడ్డ చోటే లీక్ ఉందనుకుంటే పొరపాటే. బ్రేక్ క్లీనర్‌తో హౌసింగ్, అంటే డిఫరెన్షియల్ బయటి పెట్టె, అంతా కడిగి, కాసేపు నడిపి, మళ్లీ కిందికి దూరి చూశాను. ముందు నుంచి శక్తి తెచ్చే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని బిగించే ఇనుప బిళ్ల, అదే ఫ్లాంజ్, దాని వెనక తడి. సీల్ మార్పించాను. రెండు వారాలు కాలేదు, మళ్లీ చుక్కలు! ఒళ్లు మండింది.

రెండోసారి విప్పినప్పుడు ఫ్లాంజ్ చేతిలోకి తీసుకుని, సీల్ రాసుకునే చోట గోరుతో గీశాను. గోరు టక్కున ఆగింది. ఇన్నేళ్ల రాపిడికి ఇనుము మీద గాడి పడింది. కొత్త సీల్ పెదవి కూడా ఆ గాడిలోనే కూర్చుంటే ఆయిల్ ఎలా ఆగుతుంది? దాని మీద పలచటి స్టీల్ స్లీవ్, అంటే తొడుగు, ఎక్కించాం. కొత్త ఫ్లాంజ్ దొరికితే అదీ వేసుకోవచ్చు. షాఫ్ట్ పట్టుకుని ఊపితే ఆడుతోందా, అప్పుడు బేరింగ్ సంగతి చూడాలి, సీల్ ఒక్కటే మారిస్తే నిలవదు.

ఇక్కడొక్క జాగ్రత్త. ఫ్లాంజ్‌ని పట్టి ఉంచే పినియన్ నట్‌ని ఇంపాక్ట్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించనివ్వకండి. చాలా కార్లలో లోపల బిగించేకొద్దీ నలిగే వేరే స్లీవ్ ఒకటి ఉంటుంది, బేరింగ్ బిగువు దాని మీదే ఆధారపడుతుంది. ఎక్కువ బిగిస్తే బేరింగ్ పోతుంది. విప్పే ముందే నట్‌కీ, షాఫ్ట్‌కీ, ఫ్లాంజ్‌కీ కలిపి పెయింట్ గీత పెట్టుకుంటే, తిరిగి ఎక్కడిదాకా తిప్పాలో తెలుస్తుంది.

మూడోది బ్రీదర్. నిజానికి మొదట చూడాల్సింది ఇదే, నేనే ఆఖర్న చూశాను. హౌసింగ్ పైన ఉండే బుల్లి మూత. నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, బయటికి పోవడానికి దారి కావాలి. నా దాంట్లో బురద రాయిలా గట్టిపడి ఉంది. దారి మూసుకుపోతే ఆ ఒత్తిడంతా సీల్ మీదే. అనుమానముంటే నడిపి వచ్చాక ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ మెల్లగా వదులు చేయండి, ఉస్స్‌మని గాలి వస్తే దొంగ దొరికినట్టే. ఆయిల్ వేడిగా ఉంటుంది, ముఖం పక్కకి పెట్టుకోండి.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు ఆ పై ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది ప్లగ్ విప్పాలి. ఉన్న ఆయిల్ కార్చేసి, పైది ఊడక కూర్చుంటే కారు అక్కడే. కింది ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటితే టెన్షన్ వద్దు, ఇనుప పెచ్చులు కనిపిస్తే మాత్రం పెద్ద పనే. గ్రేడ్ మాన్యువల్‌లో ఏది రాసుంటే అదే పోయండి. లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం ఊరికే జారి తిరగకుండా పట్టే రకం డిఫరెన్షియల్, అయితే దానికి సరిపడే ఆయిలే వాడాలి.

ఇది నిన్న రాత్రి పరిచిన అట్ట, మధ్యలో పొడిగా ఉంది. కానీ కెమెరా ఇటు తిప్పుతాను, ఎడమ చక్రం లోపలి అంచు చూడండి. తడి. వాసన చూశాను, అదే కంపు. చక్రానికి వెళ్లే ఇరుసు దగ్గర ఆయిల్ ఆపే యాక్సిల్ సీల్ ఇది. ఆ ఆయిల్ బ్రేక్ షూలకి పడితే బ్రేకు పట్టదు, అందుకే రేపు డ్రమ్ము విప్పేదాకా ఈ కారు ఇక్కడే.