పోషన్ బోనస్ యాక్షన్‌లో తాగాలా, యాక్షన్ పెట్టి తాగాలా? పాచికల సీసాల పెట్టె, దానితో వచ్చిన హౌస్ రూల్స్ రివ్యూ

నమస్కారం. బల్ల చుట్టూ కూర్చొని పాచికలు వేస్తూ సాహసగాథలు నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను ఆడే తెలుగువారి కోసం నడుపుతున్న ఈ ఛానెల్‌కు స్వాగతం. ఆటలోని పోషన్లకు, అంటే మాయా పానీయాలకు, గుర్తుగా పాచికలు నింపిన గాజు సీసాలున్న ఈ చెక్క పెట్టెను ఒక చిన్న తయారీ సంస్థ ఉచితంగా పంపింది. వారు నాకు డబ్బు ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని కూడా అడగలేదు. పెట్టె కొలతలు, సీసాల సంఖ్య, ధర వంటి వివరాలను మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి వాటిని మళ్లీ చదివి వినిపించను. సీసాలతో పాటు వచ్చిన ఈ చిన్న పుస్తకం గురించే ఎక్కువగా మాట్లాడతాను. ఆటలో పోషన్లను ఎలా వాడాలో చెప్పే హౌస్ రూల్స్, అంటే అధికారిక నియమాలకు బదులు వాడుకునే ఇంటి నియమాలు, అందులో ఉన్నాయి. ఆట రక్తి కడుతుందా లేదా అన్నది సీసా అందం కన్నా ఆ నియమాల మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు పోషన్లకు ఇంటి నియమాలు ఎందుకు అవసరమయ్యాయో ముందు చెప్పాలి. 2014లో వచ్చిన ఐదవ ఎడిషన్ ప్రకారం పోషన్ తాగడానికి ఒక యాక్షన్, అంటే తన వంతులో చేయగల ప్రధానమైన పని, ఖర్చవుతుంది. 50 బంగారు నాణేల మామూలు హీలింగ్ పోషన్ తాగితే, నాలుగు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చిన మొత్తానికి 2 కలిపి, అంత మేరకు హిట్ పాయింట్లను, అంటే పాత్ర ప్రాణబలాన్ని చూపే పాయింట్లను, తిరిగి పొందుతాము. సగటున అవి 7. ఎదురుగా ఉన్న ఓగర్ అనే రాక్షసజీవి గద ఒక్కసారి తగిలితే సగటున 13 పోతాయి. అంటే దెబ్బ కొట్టవలసిన వంతును వదులుకొని పోషన్ తాగిన యోధుడు, ఆ తరువాతి దెబ్బ తగిలేసరికి తాగక ముందు కన్నా హీనమైన స్థితిలో ఉంటాడు. అదే సమయంలో దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్ దగ్గర ఉన్న హీలింగ్ వర్డ్ అనే మొదటి స్థాయి మంత్రం, బోనస్ యాక్షన్‌లోనే, అంటే అదే వంతులో యాక్షన్‌కు తోడుగా చేయగల చిన్న పనిగానే, 60 అడుగుల దూరం నుంచే పడిపోయినవాణ్ణి లేపుతుంది. ఇక పోరాటం మధ్యలో సీసా తీయడానికి ఎవరు ముందుకు వస్తారు? నేను చూసిన ఆటలన్నింటిలో పోషన్లు పోరాటం ముగిసిన తరువాతే బయటికి వచ్చేవి, లేదా సాహసం మొత్తం పూర్తయినా సంచిలోనే మిగిలిపోయేవి.

నేను ఈ ఆటను నేర్చుకున్నది పాత 3.5 ఎడిషన్‌తో. అందులో పరిస్థితి ఇంకా కఠినంగా ఉండేది. శత్రువు పక్కన నిలబడి పోషన్ తాగితే, తాగుతున్నవాని మీద ఆ శత్రువుకు ఒక ఉచిత దెబ్బ దొరికేది. స్పృహ లేని మిత్రుని నోట్లో పోషన్ పోయడానికి పూర్తి రౌండు పట్టేది. ఆ కాఠిన్యం నాకు నచ్చేదని ఇప్పటికీ చెప్పగలను, ఎందుకంటే సీసా మూత తీయడం అప్పట్లో ఒక సాహసంగా ఉండేది. అయితే ఫలితం మాత్రం అప్పుడూ ఇదే: పోషన్లు మిగిలిపోయేవి.

అందుకే ఆటను నడిపించే డంజన్ మాస్టర్లు చాలామంది తమకు తామే ఒక నియమం పెట్టుకున్నారు. మన పోషన్ మనం తాగితే బోనస్ యాక్షన్ చాలు, ఇతరులకు తాగించాలంటే మాత్రం యాక్షన్ కావాలి. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్‌లో కూడా బోనస్ యాక్షన్‌లోనే తాగుతాము కాబట్టి, దాని నుంచి బల్ల దగ్గరికి వచ్చిన కొత్త ఆటగాళ్లు ఇదే అసలు నియమమని అనుకునేవారు. చివరికి 2024 నియమపుస్తకంలో ఇది అధికారికమైంది. అయితే ఆ పుస్తకం ఇంకొక అడుగు ముందుకు వేసి, 5 అడుగుల లోపల ఉన్న మరొకరికి తాగించడాన్ని కూడా బోనస్ యాక్షన్‌గానే మార్చింది. ఈ రెండవ మార్పు దగ్గరికి తిరిగి వస్తాను, దాని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

ఇక పెట్టెతో వచ్చిన ఈ చిన్న పుస్తకంలోని ప్రధాన నియమం ఇది. బోనస్ యాక్షన్‌లో తాగితే పాచికలు వేయాలి. యాక్షన్ పెట్టి నింపాదిగా తాగితే పాచికలన్నింటి మీద నాలుగే పడినట్లు లెక్కించాలి. ఇది వీరు కనిపెట్టినది కాదు, ఎన్నో బృందాలు ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న పద్ధతే. అయినా ఇంత స్పష్టంగా అచ్చులో చూసినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే నా దృష్టిలో పోషన్లకు ఇంతకన్నా మంచి నియమం లేదు.

లెక్క చూడండి. మామూలు పోషన్‌కు సగటు 7, గరిష్ఠం 10. అంతకన్నా బలమైన గ్రేటర్ పోషన్‌కు 14, 20. సుపీరియర్‌కు 28, 40. సుప్రీమ్‌కు 45, 60. చిన్న సీసా దగ్గర యాక్షన్‌ను వదులుకుంటే లాభం మూడు పాయింట్లే కాబట్టి తొలి స్థాయిల్లో దాదాపు అందరూ బోనస్ యాక్షన్‌నే ఎంచుకుంటారు. సుపీరియర్ సీసాకు వచ్చేసరికి ఆ తేడా పన్నెండు అవుతుంది, అప్పుడు ఆటగాడు నిజంగా ఆగి ఆలోచిస్తాడు. నియమం దానంతట అదే పాత్రల స్థాయితో పాటు బరువెక్కుతుంది, డంజన్ మాస్టర్ ఏమీ సర్దుబాటు చేయనక్కరలేదు.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రయోజనం క్లెరిక్ వంతు వచ్చినప్పుడు కనిపిస్తుంది. అతనికి రెండు హిట్ పాయింట్లే మిగిలాయి, పది అడుగుల దూరంలో యోధుడు నేల మీద పడి ఉన్నాడు. 2024 నియమం ప్రకారం పోషన్ తాగడమూ బోనస్ యాక్షనే, హీలింగ్ వర్డ్ వేయడమూ బోనస్ యాక్షనే, ఒక వంతులో రెండింటికీ వీలు లేదు. ఈ ఇంటి నియమంతో అయితే క్లెరిక్ తన యాక్షన్‌తో సీసా ఖాళీ చేసి పూర్తి పది పాయింట్లు పొంది, అదే వంతులో బోనస్ యాక్షన్‌తో మిత్రుణ్ణి లేపగలడు. మొదటి వంతులోనే రేజ్ అనే ఉగ్రావేశంలోకి వెళ్లవలసిన బార్బేరియన్ యోధునికి కూడా ఇదే వెసులుబాటు దొరుకుతుంది, ఎందుకంటే అతని రేజ్ కూడా బోనస్ యాక్షన్‌నే కోరుతుంది. పోషన్‌ను తేలిక చేయడం ఒక్కటే సరిపోదు. దానికి రెండు ధరలు పెట్టి, ఏది చెల్లించాలో ఆటగాణ్ణే నిర్ణయించుకోనివ్వాలి. అధికారిక నియమం మొదటి పని చేసి ఆగిపోయింది.

ఇక ఇతరులకు తాగించడం. ఈ పుస్తకం పాత పద్ధతినే నిలబెట్టి, తాగించడానికి ఎప్పుడూ యాక్షన్ కావాలని చెప్పింది. నేను దీనిని పూర్తిగా సమర్థిస్తాను. ఐదవ స్థాయి ఫైటర్ తన వంతులో పడిపోయినవాని దగ్గరికి నడిచి, బోనస్ యాక్షన్‌లో పోషన్ పోసి, ఆ వెంటనే తన రెండు దెబ్బలూ కొట్టగలిగితే, సున్నా హిట్ పాయింట్లకు పడిపోవడం ఎవరినీ భయపెట్టదు. పడిపోయాక ప్రాణం కోసం వేసే డెత్ సేవ్ అనే పాచిక పరీక్షల్లో మూడు తప్పితే పాత్ర చనిపోతుందన్న నియమం ఆట నియమపుస్తకంలో ఉన్నా, ఆటలో దాని ఉనికి తెలియదు. మా బృందంలో ఒకసారి జరిగిన సంభాషణ నాకు బాగా గుర్తుంది. పడిపోయిన పాత్ర ఆడుతున్న కుర్రవాడు, "అన్నా, నువ్వు ఇటు వస్తే ఓగర్ వెనక నుంచి కొడుతుంది, రావద్దు" అన్నాడు. ఫైటర్ ఆడుతున్న పెద్దవాడు, "కొట్టనీ రా, నీకు ఇప్పటికే రెండు ఫెయిల్యూర్లు పడ్డాయి" అని తన బొమ్మను జరిపాడు. ఆ వంతులో అతను దెబ్బ కొట్టలేడు, పైగా దెబ్బ తినవచ్చు. తెలిసి కూడా వెళ్లాడు. పోషన్ తాగించడానికి ఖర్చు ఉన్నందువల్లనే ఆ నిర్ణయానికి విలువ వచ్చింది. 2024 పుస్తకంతో ఆడుతున్న బృందాలు కూడా ఈ ఒక్క విషయంలో వెనక్కి వెళ్లాలని నేను కోరుతున్నాను.

అయితే ఇక్కడ పుస్తకం తన తర్కానికే కట్టుబడలేదు. మిత్రునికి తాగించినప్పుడు యాక్షన్ పెట్టినా పాచికలు వేయాలని రాసింది. యాక్షన్ ఖర్చు పెడితే పూర్తి ఫలితం వస్తుందన్నది మూలసూత్రమైనప్పుడు, ఓగర్ దెబ్బకు వీపు చూపించి వచ్చినవాడు పాచికల మీద రెండు ఒకట్లు చూడవలసి రావడం న్యాయం కాదు. మేము ఈ వాక్యాన్ని కొట్టివేసి, తాగించినప్పుడు కూడా పూర్తి ఫలితమే ఇస్తున్నాము.

ఇప్పుడు సీసాల గురించి. ఈ చిన్న గాజు సీసాలో రెండు ఎర్రటి పాచికలు ఉన్నాయి, పెద్ద సీసాలో నాలుగు. ఆటగాడికి పోషన్ దొరికినప్పుడు సీసాను అతని ముందు పెడతాము, తాగినప్పుడు అతను మూత తీసి పాచికలను బల్ల మీద కుమ్మరించి, ఖాళీ సీసాను డంజన్ మాస్టర్‌కు తిరిగి ఇస్తాడు. దీని ప్రభావం నేను ఊహించిన దాని కన్నా ఎక్కువ. కాగితం మీద "పోషన్ 1" అని రాసుకున్నది మరచిపోతాము. కళ్ల ముందు మెరుస్తున్న సీసాను ఎవరూ మరచిపోరు. మా బృందంలో అత్యంత పిసినారి విజార్డ్ కూడా మొన్నటి ఆటలో రెండవ రౌండులోనే మూత తీశాడు. గత సంవత్సరం నేను కొన్న పోషన్ కార్డుల కట్ట కూడా ఈ మరుపును పోగొట్టడానికే తయారైంది, కాని కార్డులు కారెక్టర్ షీట్ కిందికి జారిపోయేవి, దానితో ఫలితం లేకపోయింది.

పెట్టె మీద ఒక ఫిర్యాదు ఉంది. కార్క్ మూతలు మరీ బిగుతుగా ఉన్నాయి, ఉద్విగ్నమైన సమయంలో ఆటగాడు మూతతో కుస్తీ పడుతుంటే వేగం తగ్గుతుంది. యాక్షన్ పెట్టి తాగినప్పుడు పాచికలు వేయనక్కరలేదు కదా, అప్పుడు సీసా ఎందుకు అని మీరు అడగవచ్చు. మేము అప్పుడు కూడా మూత తీయిస్తున్నాము; ఆటగాడు పాచికలను తీసి, నాలుగు కనిపించేలా ఒక్కొక్కటిగా బల్ల మీద నిలబెడతాడు. నింపాదిగా తాగుతున్న భావన దానివల్ల కలుగుతుంది.

నాకు కోపం తెప్పించిన పేజీ ఒకటి ఉంది. ఒక రోజులో తన కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్‌కు, అంటే శరీర దారుఢ్యాన్ని చూపే అంకెకు, మించి పోషన్లు తాగినవారు ప్రతి అదనపు సీసాకూ సేవింగ్ త్రో అనే పాచిక పరీక్ష వేయాలనీ, తప్పితే ఒక స్థాయి ఎగ్జాషన్, అంటే అలసట, వస్తుందనీ ఇందులో రాశారు. ప్లస్ ఒకటి ఉన్న విజార్డ్‌కు రెండవ సీసాయే ప్రమాదం, ప్లస్ నాలుగు ఉన్న బార్బేరియన్‌కు అయిదవది. హిట్ పాయింట్లు తక్కువగా ఉండి పోషన్ అందరికన్నా ఎక్కువ అవసరమైనవారినే ఈ నియమం శిక్షిస్తుంది. పైగా ఎగ్జాషన్ చిన్న శిక్ష కాదు. 2024 నియమాల్లో ఒక్కొక్క స్థాయికీ ఇరవై ముఖాల పాచికతో చేసే ప్రతి పరీక్షలోనూ 2 తగ్గుతుంది, రాత్రంతా విశ్రాంతి తీసుకుంటే ఒక్క స్థాయే పోతుంది. ఏడు పాయింట్ల కోసం మరుసటి రోజును కూడా తాకట్టు పెట్టమంటే, ఆటగాళ్లు మళ్లీ సీసాలను సంచిలోనే దాచుకుంటారు. ఈ పుస్తకం మొదటి పేజీలో సాధించినదంతా ఈ పేజీలో పోతుంది. పోషన్లు మరీ ఎక్కువయ్యాయని అనిపిస్తే అంగట్లో ఎన్ని సీసాలు దొరుకుతాయో డంజన్ మాస్టరే నిర్ణయించవచ్చు. 2017 నాటి అనుబంధ నియమాల ప్రకారం మూలికల పనిముట్లయిన హెర్బలిజం కిట్ ఉన్నవారు మామూలు పోషన్‌ను ఒక రోజు శ్రమతో, 25 నాణేల ఖర్చుతో తయారు చేసుకోవచ్చు. కావాలంటే ఆ రోజునే ఆటలో అరుదుగా దొరికేలా చేయండి. తాగినవాణ్ణి శిక్షించకండి.

ఈ చిన్న పుస్తకంలో పోషన్లను కలిపి తాగడం గురించిన పట్టిక కూడా ఉంది. ఈ ఆలోచన 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఉంది, 2014 గైడ్‌లో ఐచ్ఛిక నియమంగా మళ్లీ వచ్చింది. అందులో నూటికి ఒక్కసారే పేలుడు జరిగి, కలిపినవారికి పది ముఖాల పాచికలు ఆరు వేసినంత నష్టం కలుగుతుంది. మరొక చివర, నూటికి ఒక్కసారి ఒక పోషన్ ప్రభావం శాశ్వతమవుతుంది. ఈ పుస్తకం పేలుడును ఇరవైకి ఒకసారి చేసింది. మూడవ స్థాయి పాత్రలకు ఆ నష్టం చావుతో సమానం కాబట్టి పాత పట్టికనే వాడుకోండి.

నా తీర్పు స్పష్టమే. రెండు ధరల నియమం ఉన్న మొదటి పేజీ కోసం, సీసాల కోసం ఈ పెట్టెను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను, ఎగ్జాషన్ పేజీ ఉన్నప్పటికీ. ఒకే సీసా కొనేటట్లయితే నాలుగు పాచికలున్న పెద్ద సీసాను తీసుకోండి. రెండు పాచికలు బయట పెట్టి మిగిలినవి లోపలే ఉంచితే అదే మామూలు పోషన్‌గా కూడా పనికివస్తుంది. మూతలను మాత్రం ఆట మొదలు కాకముందే ఒకసారి వదులు చేసి పెట్టుకోండి.