సేటు దుకాణంలో రాత్రంతా పట్టి ఉంచిన ఫోను

అందరికీ నమస్కారం. కంప్యూటర్ కోర్సు పిల్లలు ముందు వరసల్లో కూర్చున్నారు, దుకాణదారులేమో వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముందుకు రండన్నా, ఇది మీ సంగతే.

నేను చెప్పేది నల్లగొండలో ఒక మోటరు వైండింగ్ దుకాణం గురించి. అక్కడ రాత్రిపూట ఫోనెత్తి మెసేజ్ రికార్డు చేసుకునే వాయిస్‌మెయిల్‌ను విండోస్ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంకు మార్చిన కథ ఇది. ఓనరును అందరూ సేటూ అనే పిలుస్తారు, నేనూ అలాగే అంటాను. బోరు మోటర్లు కాలిపోతే విప్పి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు. మునుగోడు, కనగల్, దేవరకొండ దిక్కు రైతులు ఆయన గిరాకీ. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రిపూట కరెంటు కోసం కాపలా కాసే బాధ తగ్గింది గానీ, మోటర్లు కాలడం ఆగలేదు. యాసంగి వరి పొట్ట మీదున్నప్పుడు రాత్రి మోటరు ఆగితే రైతు తెల్లారేదాకా ఆగడు, అప్పుడే ఫోన్ కొడతాడు.

వాట్సాప్ ఉండగా వాయిస్‌మెయిల్ ఎందుకని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. సేటు ఏం మాట్లాడకుండా బాగుకొచ్చిన ఒక స్టార్టర్ డబ్బా మూత తీసి చూపించాడు. లోపల స్టిక్కరు, దాని మీద దుకాణం ల్యాండ్‌లైన్ నంబరు. "తమ్మీ, ఇసొంటివి ఎన్ని ఊర్లల్ల ఉన్నయో నాకే తెల్వదు. అన్నీ పీకి కొత్తయి అతికిస్తవా?" అన్నాడు. ఇంకేమంటాం.

పాత ఏర్పాటు ఇదీ: విండోస్ 7 కంప్యూటర్, దాన్ని ఫోను లైనుకు కలిపే ఒక వాయిస్ మోడెమ్, ఎవరో ఎప్పుడో ఎక్కించిన సాఫ్ట్‌వేర్. విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. సేటు దాన్ని పట్టించుకోలేదు. ఆయన గొడవ వేరే. రాత్రి కరెంటు పోయి వస్తే కంప్యూటర్ ఆన్ అయ్యి, పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గర ఆగిపోయేది. ఎవరైనా లాగిన్ అయితేనే ఆ సాఫ్ట్‌వేర్ మొదలవుతుంది. అర్ధరాత్రి షట్టరు వెనక లాగిన్ అయ్యేదెవరు? పొద్దున వచ్చి చూస్తే ఒక్క మెసేజ్ ఉండదు. గిరాకీ ఇంకో దుకాణానికి పోయి ఉంటుంది.

లినక్స్‌లో ఇలాంటి పని సర్వీసుగా నడుస్తుంది. మిషన్ లేస్తే అదీ లేస్తుంది, లాగిన్‌తో పని లేదు. విండోస్‌లోనూ సర్వీసులున్నాయి, అబద్ధం చెప్పను. ఈ సాఫ్ట్‌వేరే అట్లా రాయలేదు, దాన్ని రాసినవాళ్లు ఇప్పుడు ఫోనెత్తరు. కరెంటు వచ్చాక కంప్యూటర్ తనంతట తాను ఆన్ అవ్వాలంటే మాత్రం బయోస్‌లో, అంటే విండోస్, లినక్స్ కంటే ముందే లేచే చిన్న ప్రోగ్రాంలో, ఒక సెట్టింగు మార్చాలి. అది మరిచిపోతే లినక్స్ పెట్టినా అదే కథ.

ఎంచుకున్నది ఆస్టరిస్క్, కంప్యూటర్‌నే ఫోను ఎక్స్ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేర్. ఆ పేరుకు అర్థం ఫోను మీద ఉండే స్టార్ గుర్తు. 1999లో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు అమెరికాలో చిన్న లినక్స్ సపోర్టు వ్యాపారం పెట్టుకున్నాడు. ఆఫీసుకు ఫోను ఎక్స్ఛేంజి కొనే డబ్బుల్లేక తానే రాసుకున్నాడు. అది ఉచితం. లైను తగిలించడానికి కార్డు మాత్రం కొనాలి. ఎఫ్ఎక్స్ఓ పోర్టు ఉన్నది, అంటే ఎక్స్ఛేంజి నుంచి వచ్చే వైరు గుచ్చుకునేది. ఎఫ్ఎక్స్ఎస్ అని ఇంకోటి ఉంటుంది, అది ఫోనుకు గుచ్చేది. కొట్లో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తారు, చూసుకోండి.

ఎక్కించడం ఒక సాయంత్రం పని. దుకాణం నుంచే నా మొబైల్‌తో కొట్టి చూశాను. ఎత్తింది, బీప్ అంది, రికార్డు చేసింది. సేటు చాయ్ తెప్పించాడు. హాయిగా ఇంటికి పోయాను.

పొద్దున ఆరున్నర దాటాక ఫోన్. "తమ్మీ, రాత్రంతా మన నంబరు ఎంగేజేనట. ముగ్గురు మొబైల్‌కు చేసి తిట్టిన్రు."

పోయి చూస్తే మెసేజ్ ఒక్కటే ఉంది. రాత్రి 9:40కి మొదలైంది, ఇంకా రికార్డు అవుతూనే ఉంది. ఫైలు 500 ఎంబీ దాటింది. లెక్క సరిపోయింది కూడా: ఫోను గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకు రెండు బైట్లు. గంటకు 57 ఎంబీ పైమాటే, తొమ్మిది గంటలకు 518. విన్నాను. "హలో... హలో... ఎవరూ లేరారా" అని ఒక రైతు గొంతు, టక్‌మని పెట్టేసిన చప్పుడు, ఆ తరవాత బిజీ టోను.

అవతలివాడు పెట్టేశాడని మనకు చెప్పక్కర్లేదు, టోను వినగానే తెలుస్తుంది. మిషన్‌కు నేర్పాలి. అమెరికా బిజీ టోను రెండు శబ్దాలు కలిసింది, 480, 620 హెర్ట్జ్, అర సెకను మోగి అర సెకను ఆగుతుంది. మనది 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగి ముప్పావు సెకను ఆగుతుంది. సెట్టింగుల్లో దేశం ఇండియా అని పెట్టి, బిజీ టోను పట్టుకోమని చెప్పి, మిల్లీసెకన్ల లెక్కలో 750, 750 అని రాయాలి. నేను రాయలేదు. అది చాలదన్నట్టు, ఒక మెసేజ్ ఎంతసేపు ఉండొచ్చో కూడా చెప్పలేదు. చెప్పకపోతే దానికి హద్దు లేదు. మూడు నిమిషాలని పెట్టి ఉంటే ఒక్క గిరాకీతో పోయేది. దీన్ని లినక్స్ మీద తోసేద్దామని నోటిదాకా వచ్చింది. తప్పు నాదే.

కాలర్ ఐడీ దగ్గరా ఇదే తంటా. అమెరికాలో మొదటి రింగుకు, రెండో రింగుకు మధ్య నంబరు పంపుతారు. సేటు లైనులో రింగు కంటే ముందే రెండు తీగల ప్లస్, మైనస్ తారుమారవుతాయి, ఆ వెంటనే నంబరు బటన్లు నొక్కిన చప్పుళ్లుగా వస్తుంది. ఆస్టరిస్క్‌లో దీనికోసం 'పొలారిటీ ఐఎన్' అని సెట్టింగే ఉంది. ఐఎన్ అంటే ఇండియానే. మనకంటే ముందు మనవాడెవడో తల పట్టుకుని ఉంటాడు, లేకపోతే ఆ సెట్టింగు ఎందుకు పుడుతుంది?

పాత మెసేజ్‌లు పారేద్దామన్నాను. సేటు ఒప్పుకోలేదు. "ఏ ఊరాయన మోటరు ఎన్ని హెచ్‌పీ, ఎన్ని స్టేజీలు, పోయినేడు ఏం కాలింది, అన్నీ అండ్లనే ఉన్నయ్." అది నిజంగానే ఆయన ఖాతా పుస్తకం. నంబర్ల పట్టిక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్లో ఉంది. లినక్స్‌లో ఎండీబీ టూల్స్ దాన్ని మామూలు పట్టికగా మారుస్తుంది. ఆడియో 11025 హెర్ట్జ్‌లో ఉంటే సాక్స్ అనే ప్రోగ్రాంతో 8000కు దించాను. ఆస్టరిస్క్ ఒక్కో మెసేజ్‌కు రెండు ఫైళ్లు పెట్టుకుంటుంది, గొంతు ఒకటి, ఎవరు ఎప్పుడు చేశారన్నది ఒకటి. ఆ రెండోదాన్ని చిన్న స్క్రిప్టుతో పుట్టించాను.

అంతా అయ్యాక సేటు నాలుగు మెసేజ్‌లు విని తల అడ్డంగా ఊపాడు. "ఈయన తెల్లారంగ నాలుగింటికి చేసిండంటున్నది. కాదు. రాత్రి పదిన్నరకు చేసిండు. నాకు యాదికున్నది." ఐదున్నర గంటల తేడా అనగానే నాకు వెలిగింది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల టైము విండోస్ రాసినట్టే మన టైములో ఉంది. కొత్త మిషనేమో దాన్ని గ్రీన్విచ్ టైమనుకుని, చెప్పేటప్పుడు ఇంకో ఐదున్నర గంటలు కలుపుతోంది. టైమ్‌జోన్ ఆసియా, కోల్‌కతా అని పెట్టి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. ఆయన జ్ఞాపకం లేకపోతే ఆ తప్పు అట్లాగే ఉండిపోయేది.

గ్రీటింగ్ సంగతి. పాతదాంట్లో ఇంగ్లీషు ఆడగొంతు ఉండేది. ఆ గొంతు వినగానే సగం మంది పెట్టేసేవాళ్లు. సేటునే మాట్లాడమన్నాను. బిగుసుకుపోయి వార్తలు చదివినట్టు చదివాడు. నాలుగోసారికి దారికొచ్చాడు: "నమస్తే అన్నా, దుకాణం బంద్ అయింది. పెట్టకున్రి. ఊరి పేరు, మోటరు ఎన్ని హెచ్‌పీ, చెప్పున్రి. పొద్దున్నే నేనే ఫోన్ జేస్త." ఆ 'పెట్టకున్రి' అన్న మాట మొత్తం పనికి ప్రాణం.

అయినా కొందరు మాట్లాడరు. మిస్డ్ కాల్ అలవాటు మనది. మూడు సెకన్ల లోపు మెసేజ్‌లను తీసిపారేసే సెట్టింగు ఉంది, పెట్టుకున్నాం. కానీ ఆ నంబర్లు కావాలి కదా. ఆస్టరిస్క్ ప్రతి కాలునూ ఒక పట్టికలో రాస్తుంది, ఎత్తి పెట్టేసినవాటితో సహా. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆ పట్టిక ప్రింటు అవుతుంది. సేటు ముందు చూసేది దాన్నే, మెసేజ్‌లు ఆ తరవాతే.

ఇంకో మాట, ఆస్టరిస్క్ నడిచే కంప్యూటర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. వాయిస్‌మెయిల్ పిన్ 1234 ఉంచకండి.

ఆ రాత్రి ఫైలును నేను దాచుకున్నాను. మొదటి ఒక్క నిమిషం వినిపిస్తాను, ముప్పావు సెకను మీ గడియారాలతో కొలిచి చూడండి. స్పీకరు కొంచెం పెంచు తమ్మీ.