ఒకే పడవలో తండ్రీ కొడుకులు

శ్రోతలకు నమస్కారం.

1980 జూన్ 1న కెనడాలోని విన్నిపెగ్ నగరం నుంచి ఒక కెనూ బయల్దేరింది. 21 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ అది. పైన కప్పు లేదు. అందులో డాన్ స్టార్కెల్ అనే తండ్రి, ఆయన కొడుకులు డానా, జెఫ్ ఉన్నారు. కొడుకులిద్దరూ ఇంకా టీనేజీ కుర్రాళ్ళే. వాళ్ళు చేరాల్సిన ఊరు బ్రెజిల్‌లో, అమెజాన్ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న బెలెమ్. అమెజాన్ వెంట సముద్రం దాకా వెళ్ళిన తొలి యూరోపియన్ ఒరెయానా పేరే పడవకు పెట్టుకున్నారు.

దక్షిణానికి పోవడమంటే నది వాలున పోవడమే అనుకుంటాం. అక్కడి రెడ్ రివర్ మాత్రం ఉత్తరానికి పారుతుంది. అంటే మొదటి రోజు నుంచే ఎదురీత. మిన్నెసోటా నదిలోకి మారాక గానీ ప్రవాహం వాళ్ళ వైపు రాలేదు. ఆ నది వెంట మిసిసిపీలో పడి, అలా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరారు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ఏటి పడవ సముద్రంలో మునిగేది ఎక్కువగా నడిసంద్రంలో కాదు, ఒడ్డు కనిపిస్తుండగానే. లోతు తగ్గేకొద్దీ కెరటం నిలువుగా లేచి విరుగుతుంది. వెనక నుంచి వచ్చి పడవ తోకను పైకెత్తుతుంది, ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. ఆ క్షణంలో తెడ్డు కాస్త తడబడితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను తర్వాతి కెరటం బోర్లా కొడుతుంది. తిండి, బట్టలు, మందులు అన్నీ ఉప్పునీళ్ళ పాలు. రాత్రికి ఒడ్డుకు చేరక తప్పదు, తెల్లారాక మళ్ళీ అవే కెరటాలకు ఎదురెళ్ళకా తప్పదు.

మెక్సికోలోని వెరాక్రూజ్ దగ్గర జెఫ్ ఇక చాలనుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఈ సంగతిని ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకైతే ఇక్కడే ఆగాలనిపిస్తుంది. పడవలో నాన్న మీద కోపమొస్తే తలుపేసుకోవడానికి పక్క గది ఉండదు. ఆయన కల కోసం ప్రాణం పణంగా పెడుతున్నామని కొడుక్కి అనిపిస్తే, ఆ మాట ఆయన ముఖం మీదే చెప్పాలి. అలా చెప్పి దిగిపోవడానికి కెరటాలను దాటడానికి కావలసినంత ధైర్యమే కావాలి.

మిగిలినవి రెండే తెడ్లు. మధ్య అమెరికాలో అవి గొడవల రోజులు. చిన్న పడవలో తీరం వెంట వస్తున్న ఇద్దరు విదేశీయులను చూస్తే ఎవరికైనా అనుమానమే. గూఢచారులన్నారు, మత్తుమందుల రవాణా అన్నారు. అరెస్టులయ్యాయి, తుపాకీ కాల్పులయ్యాయి, దోపిడీలు జరిగాయి. కొన్నాళ్ళు ఆకలితో మాడారు. కొలంబియా, వెనెజువెలా తీరాల్లోనైతే తూర్పు గాలి సరిగ్గా ముఖానికే కొడుతుంది.

డానాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మందులు లేనిదే రోజు గడవని పిల్లాడు. అలాంటివాడికి ఈ ప్రయాణంలోనే ఆ బాధ తగ్గి, మందుల అవసరం లేకుండా పోయింది. (ఇది విని దయచేసి ఎవరూ ఇన్‌హేలర్ పక్కన పడేయకండి!) అంత ఇరుకు పడవలోనూ అతను గిటారు వెంట పెట్టుకుని సాధన చేశాడు. తర్వాత క్లాసికల్ గిటారు వాద్యకారుడయ్యాడు.

ట్రినిడాడ్ దీవి చూసుకుని ఒరినోకో నదిలోకి మళ్ళారు. మళ్ళీ ఎదురీతే. నడి ఏట్లో ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి, ఇలాంటప్పుడు ఒడ్డును ఆనుకుని తెడ్డు వేసుకుంటూ పోవాలి. ఎగువన కాసికియారే అనే చిత్రమైన పాయ ఉంది. ఒరినోకో నీళ్ళలో కొంత భాగాన్ని అది తీసుకెళ్ళి అమెజాన్ ఉపనది రియో నెగ్రోలో కలుపుతుంది. ఎవరూ తవ్విన కాలువ కాదు, సహజంగా ఏర్పడిందే. అది లేకపోతే ఈ పథకమే లేదు. అక్కడి నుంచి వాలు బెలెమ్ దాకా వాళ్ళదే.

1982 మే 1న చేరారు. దాదాపు 19,600 కిలోమీటర్లు. గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కారు. పదేళ్ళ తర్వాత డాన్ ఈసారి కయాక్ అనే సన్నని పడవలో ఆర్కిటిక్ వైపు వెళ్ళి, చలికి వేళ్ళ కొసలు పోగొట్టుకుని తిరిగొచ్చారు.