బంతి కదలక ముందే

అందరికీ నమస్కారం.

డల్లాస్ చుట్టుపక్కల ఉంటున్న మనలో చాలామందికి శుక్రవారం రాత్రి అంటే ఇప్పుడు స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియమే. పిల్లలు టీమ్‌లో ఉంటారు, లేదంటే బ్యాండ్‌లో ఉంటారు. మనం బెంచీల మీద కూర్చుని బంతి ఎటు పోతే అటు చూస్తాం. నేనూ రెండేళ్లు అలాగే చూశాను. మా అబ్బాయి లెఫ్ట్ గార్డ్, అంటే ముందు వరసలో నిలబడి అవతలివాళ్లని అడ్డుకునేవాడు. వాడు బంతి ముట్టుకోడు, మైకులో వాడి పేరు వినపడదు. ఒకరోజు మా అమ్మ వీడియో కాల్‌లో ఆట చూసి, "ఏంట్రా, వీడు ఊరికే వంగి నిలబడతాడు, తర్వాత ఎవణ్ణో నెట్టి తనూ పడిపోతాడు. ఇదేం ఆట?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ఊరికే వంగి నిలబడడం గురించే ఈ పూట మాట్లాడతాను.

ముందు లెక్క చూద్దాం. బంతి చేతిలో ఉన్న జట్టుకి 11 మంది. అందులో మధ్య ఐదుగురు మన మనుషులు: సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, వాళ్ల పక్కన టాకిల్స్. జెర్సీ నంబర్లు 50 నుంచి 79 లోపు. ముందుకు విసిరిన పాస్ పట్టుకునే హక్కు వీళ్లకి లేదు. నేల మీద పెట్టిన బంతి రెండు కొనల మధ్య దూరం సుమారు 11 అంగుళాలు. అది ఎవరిదీ కాని జాగా, న్యూట్రల్ జోన్ అంటారు. స్నాప్ అయ్యేదాకా, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించేదాకా, అందులో తల పెట్టే అనుమతి సెంటర్ ఒక్కడికే.

అసలు గొడవ ఇక్కడినుంచి. సెంటర్ బంతి మీదకి వంగి ఉంటాడు కదా, అతని నడుం దగ్గర అడ్డంగా ఒక గీత ఊహించుకోండి. మిగతా నలుగురి తల ఆ గీత దాటి ముందుకి ఉండాలి. దాటకపోతే ఆ ఆటగాడు లైన్ మీద లేనట్టే, వెనకవాళ్లలో లెక్క. మన టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ రూల్స్‌తోనే ఆడతాయి. ఆ రూల్స్ ప్రకారం వెనక నలుగురికి మించి ఉండకూడదు. ఇప్పటికే నలుగురు ఉన్నచోట టాకిల్ ఒక జానెడు వెనక్కి జరిగాడనుకోండి, ఐదో మనిషి అయిపోతాడు. తప్పు జరిగిందని రిఫరీ విసిరే పసుపు గుడ్డ, అదే ఫ్లాగ్, పడుతుంది, ఐదు గజాలు పోతాయి.

మరి వెనక్కి జరగడం ఎందుకు? బుద్ధిగా ముందుకి నిలబడొచ్చుగా? టాకిల్ ఎదురుగా ఉండేవాడు అవతలి జట్టులో అందరికన్నా చురుకైనవాడు. బయటివైపు నుంచి వంపు తిరిగి, పాస్ విసిరే మన క్వార్టర్‌బ్యాక్ మీదకి వస్తాడు. అతన్ని ఆపాలంటే టాకిల్ వెనక్కి అడుగులు వేస్తూ అతనికన్నా ముందే ఆ వంపు దగ్గరికి చేరాలి. మొదటే కాస్త వెనక నిలబడితే ఒక అడుగు మిగులుతుంది. రూల్ ముందుకి లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. టాకిల్ బతుకంతా ఈ రెండిటి మధ్యే.

ఇది మన పిల్లల సమస్యే అనుకోకండి. 2023 సెప్టెంబర్ 7న కాన్సస్ సిటీలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ సీజన్ మొదటి మ్యాచ్, చీఫ్స్ మీద లయన్స్ 21-20తో గెలిచారు. ఆ రాత్రి చీఫ్స్ రైట్ టాకిల్ జవాన్ టేలర్ ఎంత వెనక నిలబడుతున్నాడో టీవీ వ్యాఖ్యాతలు పదేపదే చూపించారు. తర్వాతి మ్యాచ్‌లో అతని మీద ఐదు ఫ్లాగులు పడ్డాయి, కోచ్ కాసేపు పక్కన కూర్చోబెట్టాడు. అన్నీ నిలబడే చోటు గురించినవే కావు, కానీ అప్పటికే అందరి కళ్లూ అతని మీదే ఉన్నాయి. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లో రేవెన్స్ లెఫ్ట్ టాకిల్ రానీ స్టాన్లీ మీద నిలబడే చోటు గురించే ఫ్లాగులు పడ్డాయి, జట్టు చేతికి బంతి వచ్చిన మొదటిసారే.

పిల్లలు చేసే తప్పు వేరే రకం. టాకిల్ పక్కనున్న గార్డుని చూసి నిలబడతాడు. గార్డు రెండంగుళాలు వెనక ఉంటే టాకిల్ నాలుగు వెనక ఉంటాడు. తాపీమేస్త్రి పక్క ఇటుకని చూసి ఇటుక పేర్చడు, దారం కడతాడు. ఇక్కడ దారం సెంటర్ బెల్టు. ఐదుగురూ చూడాల్సింది దాన్నే.

తర్వాత మనిషికీ మనిషికీ మధ్య దూరం, స్ప్లిట్. మామూలుగా ఒకరి పాదం నుంచి పక్కవాడి పాదానికి సుమారు రెండడుగులు. పెంచితే ఎదురుగా ఉన్నవాళ్లూ విస్తరించాలి, చివర నుంచి దూసుకొచ్చే రషర్ క్వార్టర్‌బ్యాక్‌కి ఇంకా దూరమవుతాడు. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో 2000 నుంచి 2009 దాకా కోచ్‌గా ఉన్న మైక్ లీచ్ దీన్నే నమ్ముకున్నాడు. అతని లైన్‌మెన్, అంటే ఈ ఐదుగురి మధ్య మూడడుగులు, అంతకన్నా ఎక్కువ కూడా కనిపించేది. మొదటిసారి చూసినవాళ్లకి దడి విరిగిన కంచెలా ఉండేది. ఇంకో కొసన ఫిలడెల్ఫియా ఈగల్స్. ఒక్క గజం కావాల్సినప్పుడు పాదానికి పాదం ఆనించి, నేలకి కరుచుకుపోయి, వెనకనుంచి నెట్టించుకుంటారు. సందు లేకపోతే దూరేవాడే లేడు.

మన పిల్లలకి నా సలహా అడిగితే, లీచ్‌ని చూసి మురిసిపోవద్దంటాను. సందు పెంచితే అవతలి లైన్ వెనకనుంచి లోపలికి దూకే లైన్‌బ్యాకర్‌కి దారి ఇచ్చినట్టే. దాన్ని మూయగలిగే వేగం గార్డు కాళ్లలో ఉండాలి. మా వాడి కాళ్లలో లేదు, తండ్రిగా ఒప్పుకుంటున్నాను.

ఇక పాదాలు, చెయ్యి. కుడివైపు వాళ్లు కుడికాలు వెనక్కి, ఎడమవైపు వాళ్లు ఎడమకాలు. మరీ వెనక్కి కాదు, వెనక పాదం వేళ్లు ముందు పాదం మడమ దగ్గరో, కాస్త ముందో. చెయ్యి నేల మీద తేలిగ్గా ఆనాలి. ఇక్కడే మా అబ్బాయి ఒక సీజనంతా దొరికిపోయాడు. పరుగు ఆట అయితే బరువంతా చేతి మీద వేసేవాడు, వేళ్ల కణుపులు తెల్లబడేవి. పాస్ అయితే వెనక్కి వాలేవాడు. అవతలివాళ్లు వాడి వేళ్లు చూసి ఆట చెప్పేసేవారు. వీడియోలో చూసేదాకా మాకెవ్వరికీ తెలియలేదు. ఒకసారి చెయ్యి ఆనించాక దాన్ని ఎత్తకూడదు కూడా, ఎత్తితే ఫాల్స్ స్టార్ట్, అంటే స్నాప్‌కి ముందే కదిలిన తప్పు, మళ్లీ ఐదు గజాలు. పదిహేనేళ్ల పిల్లాడికి ఆ క్షణంలో ముక్కు దురద పుట్టడం మామూలే, అది వేరే టెన్షన్.

సరే, చాలాసేపు మాట్లాడాను. హాలు వెనకవైపు నేల మీద నీలం టేపు అంటించాను. ఒక గీత బంతిది, ఇంకోటి సెంటర్ నడుం దగ్గరది. ఐదుగురు రండి. చెప్పులు విప్పేయండి, జారతాయి. సెంటర్‌గా మాత్రం మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు రండి, కాసేపు వంగే ఉండాలి. అమ్మలు కూడా రావచ్చు. మిగతావాళ్లు పక్కన నిలబడి, ఎవరి తల గీత దాటలేదో చూసి రుమాలు విసరండి.